ఆన్‌సైట్ వెళ్లాక ఇంట్లో బీర్ చేయాలనుకుంటే మొదటి కిట్ ఎలా ఎంచుకోవాలి

బెంగళూరులో మారతహళ్లి, బ్రూక్‌ఫీల్డ్, మహదేవపుర వైపు ఉండే మన తెలుగువాళ్లలో ఏడాదికి ఒకరిద్దరైనా ఆన్‌సైట్ వెళ్తుంటారు. వెళ్లిన రెండు నెలలకు నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది. షాపులో అరల నిండా ఇంట్లో బీర్ చేసుకునే సరుకుల కిట్లు, రంగురంగుల డబ్బాలు, కింద ఒక ప్రశ్న: "అన్నా, వీటిలో ఏది తీసుకోమంటావ్?" అమెరికాలో ఉన్న రెండేళ్లూ నేను ఇంట్లో బీర్ చేశానని వాళ్లకు తెలుసు. నేను ప్రతిసారీ ముందు ఒకటే అడుగుతాను: "డబ్బా సంగతి తర్వాత చూద్దాం. మీ ఫ్లాట్‌లో రాత్రిపూట ఎన్ని డిగ్రీలుంటుంది?"

బీర్ చేసేది మనం కాదు, యీస్ట్ అనే సూక్ష్మజీవి. దానికి తిండి పెట్టడం, శుభ్రమైన చోటు ఇవ్వడం, సరైన వేడి చూడటం వరకే మన పని. పాలు కాగుతుండగా తోడు వేస్తే తోడు చచ్చిపోతుంది. చలికాలంలో చల్లారిపోయిన పాలలో వేస్తే తెల్లారినా పెరుగు పేరుకోదు. ఈ ఒక్కటి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. బీర్ కిట్ విషయంలో కూడా దీన్నే పట్టుకోండి. బొమ్మ చూసో, పేరు చూసో కాకుండా, మీ గది వేడికి ఏ యీస్ట్ సరిపోతుందో చూసి కిట్ కొనండి.

ముందు చట్టం సంగతి

"వెళ్లేలోపు ఇక్కడే ఒకసారి చేసి చూద్దామా?" అని కొందరు అడుగుతారు. వద్దు. కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయకూడదు. ఆన్‌లైన్‌లో కిట్ దొరికినంత మాత్రాన చేసుకోవచ్చని అర్థం కాదు.

అమెరికాలో పరిస్థితి వేరు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి ఇంట్లో బీర్ చేసుకోవడానికి ఫెడరల్ స్థాయిలో అనుమతి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు. రాష్ట్రాలకు సొంత నియమాలున్నాయి కాబట్టి మీరు ఉండే రాష్ట్రం సంగతి కూడా చూసుకోండి. చివరగా ఒప్పుకున్న మిసిసిపీ, అలబామా 2013 దాకా ఆగాయి. బ్రిటన్‌లో సొంతానికి చేసుకునేవాళ్లకు 1963 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. అమెరికాలో 21 ఏళ్లు నిండి ఉండాలి. చేసింది అమ్మకూడదు. అనుమతి లేకుండా కాచి సారా తీయడం మాత్రం అక్కడా నేరమే, దాని జోలికి పోకండి. మీ అద్దె అగ్రిమెంట్ కూడా ఒకసారి చదవండి.

బెంగళూరులో ఉండగానే నాలుక సిద్ధం చేసుకోండి

ఏ రకం బీర్ మీకు నచ్చుతుందో తెలియకుండా కిట్ కొంటే 19 లీటర్ల బీర్ తాగకుండా మిగిలిపోతుంది. ఆ తెలుసుకునే పనికి బెంగళూరు కంటే మంచి ఊరు మన దగ్గర లేదు. ఇందిరానగర్‌లో టాయిట్, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్, మాగ్రత్ రోడ్డులో ఆర్బర్ లాంటి చోట్ల బీర్ అక్కడే చేసి పోస్తారు. చాలా చోట్ల చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాల శాంపిల్స్ ఇస్తారు. పెద్ద గ్లాసు చెప్పకుండా అవి అడగండి. క్యాబ్‌లో వెళ్లి క్యాబ్‌లోనే రండి.

తాగేటప్పుడు ఫోన్‌లో మూడు మాటలు రాసుకోండి: వాసన ఎలా ఉంది, చేదు ఎంత ఉంది, మింగాక నోట్లో ఏం మిగిలింది. గోధుమ బీర్‌లో అరటిపండు, లవంగం వాసన తగులుతుంది. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు, రెండూ యీస్ట్ పుట్టించేవే. స్టౌట్ అనే నల్లటి బీర్‌లో మాడ్చి వేయించిన కాఫీ గింజల వాసన ఉంటుంది. అది బాగా వేయించిన బార్లీ నుంచి వస్తుంది. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్)లో నిమ్మతొక్క, మామిడి, ఒక్కోసారి దేవదారు చెక్క లాంటి వాసన, దాంతోపాటు గట్టి చేదు. అది హాప్స్ అనే తీగ పువ్వుల పని. ఇలా ఏ వాసన దేని నుంచి వస్తుందో ఇక్కడే పట్టుకుంటే, అక్కడ డబ్బా మీద రాసినదాన్ని బట్టి లోపలి రుచి ఊహించగలరు.

తినే తిండితో కలిపి కూడా చూడండి. కారం ఎక్కువున్న కోడి వేపుడుతో ఐపీఏ తాగితే చేదు కారాన్ని ఇంకా రగిలిస్తుంది. అదే గోధుమ బీర్ అయితే నోరు చల్లబడుతుంది. మీరు వారాంతాల్లో మన వంటే వండుకునేవాళ్లయితే ఇది చిన్న విషయం కాదు.

అక్కడికి వెళ్లాక గది వేడి కొలవండి

కిట్ ఆర్డర్ చేసే ముందు ఒక వారం ఆగండి. మామూలు థర్మామీటర్ ఒకటి కొని, బీర్ పులిసే బకెట్ ఎక్కడ పెడతారో అక్కడే, ఎక్కువగా బట్టల అలమరలోనో బాత్రూమ్ మూలలోనో పెట్టి, పొద్దున, రాత్రి రాసుకోండి. గోడ మీద ఉండే థర్మోస్టాట్ హాల్లో వేడి చెబుతుంది, అలమరలోది చెప్పదు. అక్కడ అంతా ఫారెన్‌హీట్‌లో ఉంటుంది కాబట్టి ఇది గుర్తుంచుకోండి: 64 నుంచి 70 ఫారెన్‌హీట్ అంటే మన 18 నుంచి 21 డిగ్రీలు.

ఇంకొకటి, యీస్ట్ పనిచేసేటప్పుడు అదే వేడి పుట్టిస్తుంది. పులియడం జోరుగా ఉన్న మొదటి రెండు మూడు రోజులు బకెట్ లోపల గదికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గది 20 ఉందని ధీమాగా ఉంటే లోపల 24 అయిపోవచ్చు. అందుకే గది కాస్త చల్లగా ఉన్నా పరవాలేదు, వేడిగా ఉంటేనే ఇబ్బంది. వేడి ఎక్కువైతే స్పిరిట్ లాంటి ఘాటు వాసన వస్తుంది.

గది 17 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే మీరు అదృష్టవంతులు. ఏల్ జాతి బీర్లన్నీ, అంటే ఇలాంటి గది వేడిలో పులిసేవన్నీ, మీకు అందుబాటులో ఉన్నట్టే: గోధుమ బీర్, బ్లాండ్ ఏల్, బ్రౌన్ ఏల్, స్టౌట్. 22 నుంచి 25 ఉంటే బకెట్‌ను నీళ్ల టబ్‌లో పెట్టి, తడి టీషర్ట్ చుట్టి, పొద్దునా సాయంత్రం ఒక గడ్డకట్టిన నీళ్ల సీసా టబ్‌లో వేయండి. మన ఊళ్లో కుండకు తడిగుడ్డ చుట్టినట్టే. అంతకుమించి వేడి, ఏసీ కూడా సరిగా లేదు అంటే రెండు దారులున్నాయి. ఒకటి సైజోన్. బెల్జియం పల్లెల నుంచి వచ్చిన ఈ బీర్ యీస్ట్ వేడిని తట్టుకోవడమే కాదు, వేడిలోనే మిరియాల ఘాటు లాంటి మంచి వాసన ఇస్తుంది. రెండోది క్వైక్ యీస్ట్ ఉన్న కిట్.

క్వైక్ గురించి తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. నార్వే పల్లెల్లో ఇంటింటికీ సొంత యీస్ట్ ఉండేది. దాన్ని ఆరబెట్టి దాచుకుని, తరం నుంచి తరానికి అందించేవారు. ఎవరిదైనా పాడైపోతే పక్కింటి నుంచి తెచ్చుకునేవారు. అచ్చంగా మన పెరుగు తోడులాగే. వోస్ అనే ప్రాంతం నుంచి వచ్చిన క్వైక్ యీస్ట్ 35 డిగ్రీలు దాటినా హాయిగా పనిచేస్తుంది, కమలాపండు వాసన ఇస్తుంది. మామూలు ఏల్ యీస్ట్‌కు ఆ వేడి పెడితే బీర్ పారబోయాల్సిందే.

ఇక రకం ఎంచుకోండి

మొదటి కిట్‌గా నేను అందరికీ చెప్పేది గోధుమ బీర్. మబ్బుగా, మసకగా ఉండటమే దాని స్వభావం కాబట్టి తేటగా రాలేదన్న బెంగ ఉండదు. త్వరగా తయారవుతుంది, అన్నీ కుదిరితే నాలుగు వారాల్లో గ్లాసులో ఉంటుంది. హాప్స్ తక్కువ పడతాయి కాబట్టి ధరా తక్కువే. జర్మన్ పద్ధతి కిట్‌లో అరటిపండు వాసన ఉంటుంది. కాస్త వేడిగా పులిస్తే అది పెరుగుతుంది, చల్లగా పులిస్తే లవంగం పైకి వస్తుంది. అమెరికన్ వీట్ అని రాసి ఉంటే ఈ రెండూ ఉండవు, రుచి సాదాగా ఉంటుంది. బెంగళూరులో మీకు నచ్చింది ఏదో గుర్తుంచుకుని పెట్టె మీద పేరు జాగ్రత్తగా చదవండి, చాలామంది ఇక్కడే పొరబడతారు.

కాఫీ ఇష్టమైనవాళ్లకు స్టౌట్ లేదా దాని దగ్గరి చుట్టం పోర్టర్. వేయించిన బార్లీ రుచి బలంగా ఉంటుంది కాబట్టి మొదటిసారి చేసే చిన్న చిన్న తప్పులు దాని చాటున కనబడకుండా పోతాయి. 'ఇంపీరియల్' అని ఉంటే మాత్రం పక్కన పెట్టండి. అందులో ఆల్కహాల్ చాలా ఎక్కువ, నెలలు ఆగాలి. బ్రౌన్ ఏల్, అంబర్ ఏల్ కూడా మొదటిసారికి మంచివే.

ఐపీఏని రెండో మూడో కిట్‌కు ఉంచండి. హాప్స్ వాసన గాలి తగిలితే త్వరగా పోతుంది. సీసాల్లోకి పోసేటప్పుడు గాలి కలవకుండా చూసుకునే అలవాటు మొదటిసారి ఎవరికీ ఉండదు. ఖరీదైన హాప్స్ వేసి చేసిన బీర్ నెల తిరగకుండా అట్టముక్క రుచికి వచ్చేస్తే బాధేస్తుంది.

లాగర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. కింగ్‌ఫిషర్‌తో బీర్ అలవాటైన మనకు బీర్ అంటే లాగరే. అందుకే అక్కడికి వెళ్లగానే చెయ్యి లాగర్ డబ్బా మీదికే పోతుంది. నేనూ అదే కొన్నాను. లాగర్ యీస్ట్‌కు పది, పన్నెండు డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉండాలి, తర్వాత ఇంచుమించు మంచు చలిలో ఇంకొన్ని వారాలు. నా దగ్గర ఉన్నది హీటర్ పక్కన ఒక మూల, 23 డిగ్రీలు. కుళ్లిన ఆపిల్ వాసనతో, గొంతులో మంట పుట్టించే ద్రవం వచ్చింది. పందొమ్మిది లీటర్లూ సింక్‌లో పోశాను. కిట్‌లో తప్పేమీ లేదు, ఆ గదికి ఆ యీస్ట్ సరిపడదు అంతే. దానికోసమే ఒక ఫ్రిజ్ ఉంటే తప్ప లాగర్ కొనకండి. తేలికైన, బంగారు రంగు బీరే కావాలంటే బ్లాండ్ ఏల్, క్రీమ్ ఏల్, కోల్ష్ అనే పేర్లు వెతకండి. నాలుకకు చాలా దగ్గరగా ఉంటాయి, ఏల్ యీస్ట్‌తోనే అవుతాయి. కొన్ని లాగర్ డబ్బాల్లో కూడా కంపెనీవాళ్లు ఏల్ యీస్టే పెడతారు. యీస్ట్ పొట్లం మీద ఎన్ని డిగ్రీలని రాసి ఉందో చూస్తే తెలుస్తుంది. 18కి పైన రాసి ఉంటే అలాంటిది కొనవచ్చు.

కిట్‌లో ఎంత పని మీది, ఎంత వాళ్లది

రాగి మాల్ట్ కోసం రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి వేయించడం మీరు చూసే ఉంటారు. బీర్‌కు అదే పని బార్లీతో చేస్తారు. ఆ మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి, దాని తీపి దింపి, హాప్స్ వేసి మరిగిస్తే వచ్చేదే వోర్ట్ అనే తియ్యటి కషాయం. ఈ పనిలో ఎంత మీకు వదిలారన్నదాన్ని బట్టి కిట్లు మూడు రకాలు.

మొదటిది డబ్బా కిట్. ఆస్ట్రేలియా కూపర్స్, ఇంగ్లండ్ మంటన్స్ డబ్బాలు ఇలాంటివే. హాప్స్ చేదు కూడా కలిపేసిన చిక్కటి మాల్ట్ పాకం ఉంటుంది. కూపర్స్ 1.7 కిలోల డబ్బాతో 23 లీటర్లు అవుతుంది. వేడినీళ్లలో కరిగించి, చల్లటి నీళ్లు కలిపి, యీస్ట్ చల్లడమే. పక్కన ఒక కిలో పంచదార వేయమని ఉంటుంది. దాని బదులు మాల్ట్ పొడి వేయండి, బీర్ పల్చబడదు.

రెండోది పాకంతోపాటు కొంచెం మాల్ట్ గింజలు, విడిగా హాప్స్ ఇచ్చే కిట్. మిన్నెసోటాలోని నార్దర్న్ బ్రూవర్ లాంటి కంపెనీలు ఇలాంటివి అమ్ముతాయి. గింజలను గుడ్డసంచిలో పెట్టి టీలా నానబెట్టి, పాకం కలిపి, గంటసేపు హాప్స్‌తో మరిగించాలి. నేను ఇదే కొనమంటాను. మూడున్నర గంటల పని అయినా, వంటిల్లంతా హాప్స్ వాసన నిండి, మనమే చేశామన్న తృప్తి ఉంటుంది.

మూడోది పూర్తిగా గింజలతో. ఇందులో 65 నుంచి 68 డిగ్రీల మధ్య గంటసేపు గింజలు నానాలి, వేడి అటూ ఇటూ పోకూడదు. బ్రూక్లిన్ బ్రూ షాప్ ఒక గ్యాలన్ కిట్లు ఈ పద్ధతివే. కొలత చిన్నది కాబట్టి మామూలు వంట గిన్నెల్లో అవుతుంది. వంట మీద పట్టున్నవాళ్లు నేరుగా దీనితో మొదలుపెట్టినా నష్టం లేదు.

ఎంత కొలత

ఒక గ్యాలన్ అంటే 3.8 లీటర్లు, పది చిన్న సీసాలు. ఐదు గ్యాలన్లు అంటే 19 లీటర్లు, సుమారు యాభై సీసాలు. రెండింటికీ పట్టే శ్రమ ఇంచుమించు ఒకటే అని అందరూ పెద్దది కొనమంటారు. నేను మాత్రం మీ స్టవ్ చూడమంటాను. అపార్ట్‌మెంట్లలోని గాజుపలక కరెంటు స్టవ్ మీద పది లీటర్ల నీళ్లు మరగడానికే చాలాసేపు పడుతుంది. తాలింపు వేస్తేనే స్మోక్ అలారం మోగే ఇళ్లలో గంటసేపు ఆవిరి అంటే కిటికీలు తెరవాలి. అలాంటి చోట ఒక గ్యాలన్‌తో మొదలుపెట్టండి. నలుగురు కలిసి ఉంటూ, గ్యాస్ స్టవ్, పెద్ద గిన్నె ఉంటే ఐదు గ్యాలన్లకు వెళ్లండి.

డబ్బులు కట్టే ముందు పెట్టె తిప్పి చూడండి

తేదీ చూడండి. పాకం పాతబడితే రంగు ముదిరి, మాడిన బెల్లం రుచి వస్తుంది. తగ్గింపు ధర అని తేదీ దగ్గరపడ్డ డబ్బా కొనకండి. యీస్ట్ పొడి రూపంలో, పేరు, డిగ్రీలు రాసి ఉన్న పొట్లంలో ఉంటే మంచిది. ఉత్తిగా 'యీస్ట్' అని ఉంటే, అదే షాపులో 11.5 గ్రాముల మంచి ఏల్ యీస్ట్ పొట్లం విడిగా తీసుకోండి.

పరికరాల కిట్‌లో హైడ్రోమీటర్ ఉందా చూడండి, చాలా చవక కిట్లలో ఉండదు. పాలకేంద్రంలో లాక్టోమీటర్ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు, ద్రవం ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. యీస్ట్ వేసే ముందు 1.048 ఉండి, పులియడం అయ్యాక 1.010కి దిగితే, ఆ తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, ఇక్కడ దాదాపు 5. ఇది లేకుండా సీసాలు నింపడం ప్రమాదం. ఎందుకో కింద చెబుతాను.

పులియబెట్టడానికి ప్లాస్టిక్ బకెట్ ఉన్న కిట్ తీసుకోండి. పెద్ద గాజు కూజాలు అందంగా ఉంటాయి, కానీ తడి చేతుల్లోంచి జారి పగిలితే లోతుగా తెగుతుంది. ఐదు గ్యాలన్ల బీర్‌కు ఆరున్నర గ్యాలన్ల బకెట్ ఉండాలి, లేకపోతే నురుగు మూత తోసుకుని గోడదాకా చిమ్ముతుంది. మూతలు వేసే క్యాపర్, బ్రౌన్ రంగు సీసాలు ఉన్నాయో లేదో చూడండి. మెలితిప్పే మూత ఉన్న ఖాళీ సీసాలు దీనికి పనికిరావు. రూమ్మేట్‌కు కుక్క ఉంటే హాప్స్ దానికి అందకుండా పెట్టండి, కుక్కలకు అవి విషం.

మొదటిసారి చేసేటప్పుడు

పద్ధతంతా కిట్‌లోని కాగితంలో ఉంటుంది, అది పాటించండి. అందులో సరిగా చెప్పనివి మూడు.

శుభ్రత ఆవకాయ జాడీ దగ్గర పాటించేంత ఉండాలి. తడి గరిటె పెడితే ఏమవుతుందో తెలుసు కదా. మరిగించడం అయ్యాక బీర్‌కు తగిలే ప్రతి వస్తువూ, యీస్ట్ పొట్లం కోసే కత్తెరతో సహా, శానిటైజర్‌లో ముంచాల్సిందే. స్టార్ శాన్ అనే శానిటైజర్ అయితే లీటర్ నీళ్లకు ఒకటిన్నర మిల్లీలీటర్లు చాలు, మళ్లీ కడగక్కర్లేదు. నురుగు మిగిలినా భయపడకండి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే బీర్‌కు ఆసుపత్రి వాసన పడుతుంది. క్లోరిన్ పోవడానికి షాపులో దొరికే క్యాంప్‌డెన్ మాత్ర అర ముక్క ఐదు గ్యాలన్ల నీళ్లకు సరిపోతుంది. వోర్ట్ 20 డిగ్రీల దగ్గరికి చల్లారాకే యీస్ట్ వేయండి.

మూడోది సీసాలు. రెండు వారాలు గడిచాక, మూడు రోజులు వరుసగా హైడ్రోమీటర్ ఒకే అంకె చూపిస్తేనే సీసాల్లో పోయండి. బుడగలు ఆగిపోయాయని పులియడం ఆగిపోయినట్టు కాదు. తీపి మిగిలి ఉండగా మూత వేస్తే లోపల గ్యాస్ పెరిగి సీసా పేలుతుంది. గ్యాస్ కోసం కలిపే చక్కెర లీటరుకు ఆరేడు గ్రాములు, తూకం వేసి కలపండి, చెంచాతో కొలవకండి. ఒక్క సీసా మాత్రం ప్లాస్టిక్‌ది నింపండి. అది నొక్కినప్పుడు గట్టిగా తగిలిందంటే మిగతావాటిలోనూ గ్యాస్ పట్టినట్టే. వాటిని చీకటి అలమరలో గది వేడిలోనే రెండు వారాలు ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి.

తాగే ముందు రోజు సీసాను ఫ్రిజ్‌లో నిలబెట్టే ఉంచండి, పడుకోబెట్టొద్దు. అడుగున యీస్ట్ మడ్డి ఉంటుంది. స్టౌట్ అయితే గ్లాసు వంచి, ఒక్క ధారగా పోసి, మడ్డి కదలగానే ఆపేయండి. జర్మన్ గోధుమ బీర్ అయితే చివరి గుక్కంత సీసాలో ఉంచి, మెల్లగా తిప్పి, ఆ మడ్డిని కూడా గ్లాసులో పోసుకోండి. అరటిపండు వాసన అప్పుడు బాగా తెలుస్తుంది.